నెలలు నిండని బిడ్డ కళ్లకు గడువు ముప్పై రోజులే

సంపాదకుల వారికి,

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డను ఇంటికి పంపేటప్పుడు పాలు, బరువు, టీకాల గురించి అందరూ చెబుతారు. కంటి పరీక్ష తేదీ మాత్రం తరచు మరుగున పడుతోంది. ఆ ఒక్క తేదీ తప్పితే, ఇలాంటి బిడ్డలకు వచ్చే రెటినోపతీ ఆఫ్ ప్రీమెచ్యూరిటీ (ఆర్ఓపీ) అనే జబ్బుతో చూపే పోవచ్చు.

గర్భంలో 16వ వారం నుంచి, కంటి వెనుక చూపునిచ్చే పొర అయిన రెటీనా మధ్యలో మొదలైన రక్తనాళాలు అంచుల దాకా పాకేసరికి 40వ వారం దగ్గరపడుతుంది. వాటికి దారి చూపేది ఆక్సిజన్ కొరతే. ఆక్సిజన్ చాలినంత ఉంటే కణంలోని హిఫ్ అనే ప్రోటీన్ ఎప్పటికప్పుడు నాశనమవుతుంది. చాలనప్పుడు అది నిలబడి, నాళాలను పెరగమనే వీఈజీఎఫ్ అనే సంకేతాన్ని తయారు చేయిస్తుంది. హిఫ్ పనితీరును తేల్చిన కేలిన్, రాట్‌క్లిఫ్, సెమెంజాలకు 2019లో నోబెల్ వచ్చింది. వీఈజీఎఫ్ తగిలిన నాళం కొసన ఉన్న కణం ముందుకు సాగుతూ, పక్క కణాలను నాచ్ అనే మరో సంకేతంతో ఆపుతుంది. అందుకే నాళాలు గుబురు కట్టకుండా వలలా అల్లుకుంటాయి.

ముందే పుట్టిన బిడ్డకు ఆక్సిజన్ ఎక్కువైతే వీఈజీఎఫ్ పడిపోయి నాళాలు మధ్యలోనే ఆగిపోతాయి. తల్లి చివరి నెలసరి నుంచి లెక్కిస్తే సుమారు 32వ వారం తర్వాత, ఆక్సిజన్ అవసరం పెరిగిన రెటీనా వీఈజీఎఫ్‌ను కుమ్మరిస్తుంది. అప్పుడు పుట్టే నాళాలు దారి తప్పి కంటిలోని జెల్లీలోకి పెరిగి, మచ్చకట్టి, రెటీనాను ఊడలాగుతాయి. కనుపాప తెల్లబడి ఇంట్లోవాళ్లకు తెలిసేసరికి చేయగలిగింది చాలా తక్కువ.

ఆక్సిజన్ పెట్టిన బిడ్డకు ఆక్సిమీటర్ రీడింగ్ 91–95 మధ్య ఉండాలి. 100 చూపిస్తే మంచిదనుకోవడమే పొరపాటు. ఉదయగిరి, వరికుంటపాడు వైపు నుంచి నెల్లూరు తెచ్చేటప్పుడు, గాలి కలిపే బ్లెండర్ లేకపోతే దారి పొడవునా సిలిండర్‌లోని స్వచ్ఛమైన ఆక్సిజనే పోతుంది.

34 వారాల లోపు పుట్టినా, 2 కిలోల లోపు బరువున్నా 30వ రోజు లోపు కంటి పరీక్ష జరగాలి. 28 వారాలు లేదా 1200 గ్రాముల లోపు అయితే రెండు మూడు వారాలకే చూపించాలి. కంటిపాప పెద్దది కావడానికి వేసే చుక్కల్లో ఫినైలెఫ్రిన్ 2.5 శాతం మించకూడదు. పెద్దల మందును పలచన చేయకుండా వేస్తే బిడ్డకు బీపీ పెరుగుతుంది.

చికిత్స కావాలని తేలితే 48 నుంచి 72 గంటల్లో చేయాలి. లేజర్ నాళాలు లేని భాగాన్ని కాల్చి, సంకేతం పుట్టే చోటునే తీసేస్తుంది. బెవాసిజుమాబ్ ఇంజెక్షన్ అప్పటికే విడుదలైన వీఈజీఎఫ్‌ను పట్టేస్తుంది గానీ, అది పుట్టే చోటు అలాగే ఉంటుంది. మందు ప్రభావం తగ్గాక, వారాలకో నెలలకో జబ్బు తిరగబెట్టవచ్చు. సూదితో నయమైందని రావడం మానేసే తల్లిదండ్రులకు ఈ తేడా విడమరిచి చెప్పాలి.

డిశ్చార్జ్ కాగితంపై పుట్టిన వారాలు, బరువు పక్కనే కంటి పరీక్ష తేదీ, చోటు రాయాలని ఆసుపత్రులను కోరుతున్నాం. ఆ తేదీ ఊళ్లోని ఏఎన్ఎంకు, ఆశా కార్యకర్తకు కూడా చేరాలి. మొదటిసారి బాగానే ఉందన్నా, నాళాలు అంచుకు చేరేదాకా డాక్టరు చెప్పిన ప్రతి తేదీకీ బిడ్డను తీసుకురావాలి.

ఇట్లు,
నవజాత శిశు, నేత్ర వైద్యులు,
నెల్లూరు