మందుల చీటీతోనే ఆగిపోతున్న ఆసరా

స్కిజోఫ్రీనియా అనే తీవ్ర మానసిక జబ్బుతో ఇళ్లలోనే ఉంటున్నవారికి ఆసుపత్రి ఇచ్చే మందుల చీటీ తప్ప మరో ఆసరా లేకపోవడం గుంటూరులో పట్టించుకునేవారు లేని సమస్య. మా తమ్ముడు పదిహేనేళ్లుగా ఈ జబ్బుకు మందులు వాడుతున్నాడు. కిందటి వేసవిలో మందుల కిటికీ దగ్గర నెలకు బదులు పది రోజుల మాత్రలే కత్తిరించి, కాగితంలో చుట్టి ఇచ్చి, మిగతావాటికి మళ్లీ రమ్మన్నారు. అలా మూడుసార్లు తిరిగేసరికి మిర్చి కమీషన్ దుకాణంలో చీటీలు రాసే పని పోయింది, పని పోయిన దిగులుతో మాత్రలూ మానేశాడు, నెల తిరక్కుండానే రాత్రంతా గోడవైపు తిరిగి ఎవరితోనో మాట్లాడటం మళ్లీ మొదలైంది. తప్పంతా అతనిదేనని బంధువులు ఇప్పటికీ అంటారు, అది వేరే సంగతి. ఇలాంటివారికి నలుగురిలో కలిసి బతికే హక్కు ఉందని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది; చికిత్స తర్వాత కొంతకాలం ఉండేందుకు హాఫ్‌వే హోమ్‌లు, ఆసరాతో కూడిన వసతి కల్పించాలని కూడా అందులోనే ఉంది. 14416 నంబరుకు ఫోన్ చేస్తే, మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలీమానస్ కౌన్సెలర్లు ఓపికగా మాట్లాడతారు గాని, డెబ్బై దాటిన మా అమ్మ తర్వాత అతనికి తోడెవరన్నది ఫోనులో తేలే విషయం కాదు. నెలకు సరిపడా మాత్రలను వార్డులోని పట్టణ ఆరోగ్య కేంద్రంలోనే ఇచ్చి, తీసుకోవడానికి రానివారి ఇంటికి మూడు రోజుల్లోగా ఆశా కార్యకర్తను పంపాలి. జిల్లాలో హాఫ్‌వే హోమ్ వసతికి, కోలుకున్నవారికి రోజుకు నాలుగు గంటలైనా పని చూపించే కేంద్రానికి జిల్లా యంత్రాంగం ఈ ఏడాదే నిధులు కేటాయించాలి.

— ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు