చేయి బాగానే ఉంది నాన్నా

షెఫీల్డ్
ఆదివారం సాయంత్రం

నాన్నకు,

ఇక్కడ నేను క్షేమం. అక్కడ నువ్వు, అమ్మ, జేజి, తమ్ముడు క్షేమమని తలుస్తాను. ఈ వాక్యం రాసి ఎన్నేళ్లయిందో! ముప్పై ఏళ్లు ఊళ్లవాళ్లందరి ఉత్తరాలూ మోశావు కానీ, నీ పేరు మీద బీమా నోటీసు తప్ప మరో కాగితం వచ్చినట్టు నాకు గుర్తులేదు. అందుకే ఇది కాగితం మీద రాస్తున్నాను. ఇంకో కారణం కూడా ఉంది. ఫోనులో అయితే మొదటి మాటకే అమ్మ లాక్కుంటుంది.

ముందు చేయి సంగతి. విరిగింది ఎడమ మణికట్టు దగ్గర చిన్న ఎముక. ఆరు వారాల కట్టులో నాలుగు అయిపోయాయి. వేళ్లు కదులుతున్నాయి, వాపు పోయింది. తమ్ముడు పంపిన ఫొటోలో అంత పెద్దగా కనపడింది కట్టే, లోపలి దెబ్బ కాదు. చేయి వంకర పోతుందని అమ్మకు ఎవరు చెప్పారో కానీ, వాళ్లు డాక్టర్లు కారని మాత్రం చెప్పగలను. సంబంధాల వాళ్లకు నా మణికట్టు గురించి ముందుగానే చెప్పాల్సిన పనేమీ లేదు.

డ్యూటీ మామూలే. కట్టు ఉన్నన్నాళ్లు కాగితాల పని ఇచ్చారు. జీతంలో కోత లేదు. తమ్ముడి ఫీజు పంపేశాను, చూసుకోమను.

కష్టమల్లా జొన్న రొట్టెతోనే. ఒంటి చేత్తో తట్టబోతే అది రొట్టె కాదు, పిడక అవుతోంది. నాలుగు వారాలుగా అన్నమే తింటున్నాను.

ఎలా పడ్డానో ఫోనులో సరిగ్గా చెప్పలేదు. రోడ్డు మీద జారానన్నాను. అబద్ధం. అడవిలో సైకిలు మీద నుంచి పడ్డాను. ఇది అమ్మకు చదివి వినిపించాలో వద్దో నీ ఇష్టం.

మా ఇంటి నుంచి పడమటికి గంటసేపు ఎత్తు తొక్కితే రింగింగ్‌లో అనే చిన్న ఊరు వస్తుంది. షెఫీల్డ్ అక్కడితో సరి. ఆ పక్కనే లేడీ కానింగ్స్ అనే తోపు ఉంది, పైన్ చెట్ల మధ్య సైకిళ్ల కోసమే మట్టితో, రాళ్లతో వంపులు కట్టి దారి వేశారు. ఇక్కడ ఇలాంటి దారులకు రంగులుంటాయి. ఆకుపచ్చ అయితే పిల్లలకు, నీలం కొంచెం వచ్చినవారికి, ఎరుపు బాగా వచ్చినవారికి. నలుపు జోలికి నేను పోను, ఒట్టు. తోపు దాటితే హౌండ్‌కిర్క్ రోడ్డు మొదలవుతుంది. రోడ్డు అని పేరే, తారు ఎక్కడా ఉండదు. 18వ శతాబ్దంలో సుంకం కట్టించుకుని గుర్రపు బండ్లను వదిలిన దారి అది. ఇప్పుడు ఎగుడుదిగుడు రాళ్లూ గుంటలూ మిగిలాయి. చక్రం కింద రాయి దొర్లితే చేతుల్లోంచి భుజాల దాకా అదురు వస్తుంది. ముందు ఫోర్కులో స్ప్రింగు లాంటిది ఉంటుంది కాబట్టి సరిపోయింది. అది లేకుండా నువ్వు ముప్పై ఏళ్లు ఎలా తొక్కావో!

ఆ రోడ్డుకు రెండు పక్కలా ఉండేదాన్ని మూర్ అంటారు. కొండ మీది బీడు అనుకో. అయితే మన బీడులా ఎండి నెర్రెలిచ్చింది కాదు, నీళ్లు తాగి తాగి బరువెక్కిన బీడు. చెట్టు ఉండదు. మోకాలెత్తు హెదర్ పొద కనుచూపుమేరా ఉంటుంది. పదకొండు నెలలు కాలిన చీపురులా గోధుమ రంగులో ఉండి ఆగస్టు రాగానే కొండంతా వంగపువ్వు రంగుకు తిరుగుతుంది. అది చూడటానికే ఆ రోజు వెళ్లింది. ఆ పొదల్లో గ్రౌస్ అనే కోడిలాంటి పక్షి ఉంటుంది. సైకిలు దగ్గరికి రాగానే లేచి పోతూ అరిచే అరుపు అచ్చం ఇంగ్లీషులో ‘వెనక్కి పో, వెనక్కి పో’ అన్నట్టే ఉంటుంది. వీసా ఇంకా ఉందమ్మా అని చెబుతుంటాను. వసంతంలో అయితే మన తీతువుకు దాయాది పిట్ట కూడా కూస్తుంది. ఇది మాత్రం అమ్మకు చదవకు, శకునం అంటుంది.

నేల సంగతి నీకే చెప్పాలి. ఇక్కడి మట్టి కూడా నల్లనే, పీట్ అంటారు. నాచూ గడ్డీ పూర్తిగా కుళ్లకుండా వేల ఏళ్లుగా పేరుకున్న మట్టి. మన రేగడి అనుకుని ధైర్యంగా దిగాను మొదటిసారి. మన రేగడి పట్టుకుంటుంది కదా, మడ్‌గార్డుకూ టైరుకూ మధ్య దిగబడి చక్రం తిరగనివ్వదు. నువ్వు తుమ్మపుల్లతో గీకి గీకి, ఇక లాభం లేదని సైకిలు భుజాన వేసుకుని వచ్చేవాడివి. ఇది పట్టుకోదు, మింగుతుంది. ముందు చక్రం ఇరుసు దాకా పోయింది, నేను హ్యాండిల్ మీదుగా మెత్తగా అవతల పడ్డాను. ఆ పడటానికి దెబ్బ లేదు, నవ్వు మాత్రమే. నాతో వచ్చే పెద్దావిడ, అదే పక్క వార్డులో పనిచేసే ఆవిడ, నన్ను లాగకుండా ముందు సైకిలును లాగింది.

ఆవిడకు అరవై రెండేళ్లు. ఈ సైకిలు ఆవిడదే, కొత్తది కొనుక్కుని పాతది నాకిచ్చింది. టైరులో ట్యూబు లేదు నాన్నా. తెల్లగా పాలలాంటి ద్రవం పోస్తారు, ముల్లు దిగితే అదే వెళ్లి చిల్లు పూడ్చుకుంటుంది. నీ రేకు డబ్బా, గరుకు కాగితం, సొల్యూషన్ ట్యూబు గుర్తొచ్చాయి. పెద్ద చిల్లు పడితే మాత్రం ఆ పాలు మొహం మీదే చిమ్ముతాయి.

దారుల గురించి ఒక్క మాట. నీకు రూలు అంటే ఇష్టం కదా. పటంలో చిన్న ఆకుపచ్చ గీతలు కాలిబాటలు, వాటి మీద సైకిలు హక్కు లేదు. పొడవు గీతలు గుర్రాల బాటలు, వాటి మీద వెళ్లవచ్చని 1968లో చట్టం చేశారు, నడిచేవారికీ గుర్రాలకూ దారి ఇవ్వాలన్న షరతుతో. గేటు దగ్గర పసుపు బాణం ఉంటే దిగాలి, నీలం బాణం ఉంటే తొక్కవచ్చు. గేటు వేసి వెళ్లాలి, లేకపోతే గొర్రెలు పోతాయి. ఒక రైతు నన్నొకసారి కేకలేశాడు, తప్పు నాదే. అసలు ఈ కొండల మీద పేదవాడిని నడవనిచ్చేవారే కాదట, దొరలు గ్రౌస్ పక్షులను వేటాడుకునే చోటు కదా. దానికి ఎదురు తిరిగి 1932 ఏప్రిల్ 24న వందల మంది కిండర్ స్కౌట్ అనే కొండ ఎక్కారు. ఐదుగురిని జైల్లో వేశారు. 1951లో ఈ కొండల ప్రాంతమే, పీక్ డిస్ట్రిక్ట్ అంటారు, ఈ దేశంలో తొలి జాతీయ ఉద్యానవనం అయింది. వేట మాత్రం ఆగలేదు, ఆగస్టు 12న తుపాకులు మొదలవుతాయి. నీకు కోపం వస్తుందని తెలుసు.

మళ్లీ పడిన చోటికి వస్తాను. హౌండ్‌కిర్క్ దాటి, తారు రోడ్డు దాటి బ్లాకా మూర్‌లో దిగితే పైన హెదర్, కిందికి పోయేకొద్దీ అడవి. బర్చ్, ఓక్ చెట్ల మధ్య దారి సన్నబడుతుంది. వెలుతురు ఒక్కసారిగా తగ్గిపోయి, ఎవరో తలుపు దగ్గరగా వేసినట్టు గాలి ఆగిపోతుంది. వాగు శబ్దం మాత్రం వినిపిస్తుంది. ఆ చల్లదనం కోసమే ఎక్కిన ఎత్తంతా. అక్కడ ఎర్ర దుప్పులు ఉంటాయి. ఆ రోజు ఒకటి, కొమ్ములది, చెట్ల మధ్య నిలబడి నావైపే చూసింది. నేనూ చూశాను. చూడాల్సింది దారిని. ముందు రాత్రి వానకు తడిసిన చెట్టు వేరు అడ్డంగా ఉంది, చక్రం దాని మీద పక్కకు జారింది. అంతే. హెల్మెట్ ఉంది, పెద్దావిడ ఉంది, ఫోనులో సిగ్నల్ ఉంది. ఇరవై నిమిషాలు నడిచి రోడ్డెక్కాం. తప్పు వేరుది కాదు, దుప్పిదీ కాదు.

ఆడపిల్ల ఒంటరిగా అడవిలో అని నువ్వంటావు. ఒంటరిగా వెళ్లలేదు. ఈ దేశం మొత్తంలో విషం ఉన్న పాము ఒకే ఒక్క రకం, అది కూడా మనిషి అలికిడికి పారిపోతుంది. ఫెర్న్ పొదల్లో పిడుదులు ఉంటాయి, ఇంటికి రాగానే కాళ్లు చూసుకుంటాను. నువ్వు నల్లమల అంచున పులి జాడలు చూసి కూడా తర్వాతి ఊరికి ఉత్తరాలు ఇచ్చి వచ్చినవాడివి. అమ్మ అడగవచ్చు, నువ్వు అడగకూడదు.

జేజికి ఒక సంగతి చెప్పు. లేడీబోవర్ అనే రిజర్వాయరు గురించి. దాని ఫొటో పంపినప్పుడు ఇదేమి ఊరని అడిగింది కదా. అసలు ఊరు నీళ్ల కింద ఉంది. 1935 నుంచి 1943 వరకు ఆనకట్ట కట్టి డెర్వెంట్, ఆష్‌టన్... చూశావా, పేరు తప్పు రాశాను, ఆషాప్టన్ అనే రెండు ఊళ్లను ముంచారు. సమాధుల్లోని ఎముకలను తీసి బామ్‌ఫర్డ్ అనే ఊళ్లో మళ్లీ పూడ్చారు. డెర్వెంట్ చర్చి శిఖరాన్ని మాత్రం నీళ్ల మధ్య అలాగే వదిలేశారు, 1947లో మందు పెట్టి కూల్చారు. ఊరిలోని పాత రాతి వంతెనను రాయి రాయి విప్పి, 1959లో పైన లోయలో మళ్లీ కట్టారు. సైకిలు మీద డ్యాముల పక్కగా అడవిలో వెళ్తే ఆ వంతెన దగ్గరికే చేరతాం. దాని మీద కూర్చుని వేరుశనగ ఉండలు తిన్నాం. కూడవెల్లి గుడిని విప్పి అలంపురంలో కట్టారని పెద్దావిడకు చెప్పాను. మా జేజి ఊరు 1981లో శ్రీశైలం నీళ్ల కింద పోయిందనీ, మా ఇంటి ద్వారబంధం ఆ పాత ఇంటిదేననీ, అది పొట్టిది కాబట్టి మా నాన్న తల రోజూ తగులుతుందనీ చెప్పాను. ఆవిడ ఏమీ అనలేదు. ఇంకో ఉండ తీసుకుంది.

నేను వచ్చిన ఏడాది, 2022లో వానలు లేక నీళ్లు దిగితే డెర్వెంట్ ఇళ్ల రాళ్లు బయటపడ్డాయి. జనం కార్లేసుకుని వచ్చారు, పిల్లలు గోడల మీద ఎక్కారు. నాకు ఎందుకో ఎక్కబుద్ధి కాలేదు. ఎవరి వంటిల్లో.

అందుకే ఒకటి అడుగుతున్నాను. మార్చిలో నాలుగు వారాలు సెలవు అడిగాను, ఇస్తారు. సంగమేశ్వరం గుడి ఎప్పుడు నీళ్లలోంచి తేలుతుందో ఆ వైపు తెలిసినవారిని కనుక్కో. జేజి ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా వెళ్లలేదు. బలవంతం చేయకు, అడుగు అంతే. వేప లింగాన్ని చూస్తే చాలంటే బురద ఆరినంత మేరకు జీపులో తీసుకెళ్దాం. నువ్వూ నేనూ మాత్రం సైకిళ్ల మీద వెళ్దాం. వసారాలో నీ సైకిలు ఉంది కదా, పాత ఇనుముకు ఇచ్చేయలేదు కదా? అమ్మ ఇచ్చేస్తానని అన్నప్పుడల్లా నాకు దడ. గొలుసుకు నూనె పెట్టించు. ఇంకొకటి అద్దెకు దొరుకుతుంది.

అమ్మ బీపీ మాత్రలు పూట తప్పకుండా వేసుకుంటోందా? తమ్ముడిని నమ్మకు, నువ్వే చూడు.

నీ కూతురు

తా.క. కవరు మీద రెండు చోట్లా ముద్ర తేదీలు చూసి ఇది ఎన్ని రోజుల్లో వచ్చిందో చెప్పు. ఆలస్యమైతే ఎక్కడ ఆగిందో నీకే తెలుస్తుంది.