కాలనీ సంక్షేమ సంఘం, విజయనగరం: 2024–25 వార్షిక నివేదిక

అధ్యక్షులకు, కార్యవర్గానికి, సభ్యులందరికీ నమస్కారం.

వీధి దీపాలు, మొక్కలు, పైడితల్లమ్మ సిరిమానోత్సవం నాడు మజ్జిగ పంపిణీ ఎప్పటిలాగే జరిగాయి. అవి మీరు చూసినవే. ఈసారి నేను ఎక్కువగా చెప్పాల్సింది ఆదివారం సాయంత్రం సౌండ్ థెరపీ గురించి, అంటే నాదం వింటూ మనసును కుదుటపరచుకోవడం గురించి.

నిద్ర పట్టడం లేదని, ఊరికే టెన్షన్‌గా ఉంటోందని కిందటి సమావేశంలో చాలామంది పెద్దవాళ్లు చెప్పాక దీన్ని మొదలుపెట్టాం. ముందు పది నిమిషాలు భ్రామరి. నోరు మూసుకుని తుమ్మెదలా ఝుమ్మంటూ ఊపిరి నెమ్మదిగా వదలాలి. పీల్చినదానికంటే వదిలేది ఎక్కువసేపు ఉంటే గుండె వేగం తగ్గి ఒళ్లు తేలికపడుతుంది. తర్వాత కళ్లు మూసుకుని తంబురా శ్రుతి, కంచు గిన్నెల మోత వినడం. టిబెట్ గిన్నెల ధర చూసి భయపడి, మన పక్క జిల్లా బుడితి నుంచి కంచు గిన్నెలు తెప్పించాం. గుడ్డ చుట్టిన కర్రతో తడితే ఆ మోత ఎంతసేపటికీ ఆగదు. చెవిలో హోరు, మూర్ఛ ఉన్నవారిని మాత్రం ముందు డాక్టరును అడిగి రమ్మన్నాం.

ఇది మందులకు బదులు కాదు. రెండు నెలలు వచ్చిన ఒకావిడ మాత్రలు మానేస్తానంటే నేనే వాళ్లింటికి వెళ్లి, డాక్టరు గారు చెప్పకుండా మానొద్దని బతిమాలాను.

అక్టోబరు 10, ప్రపంచ మానసిక ఆరోగ్య దినోత్సవం నాటి సాయంత్రం మాత్రం మన సంఘం చరిత్రలో నిలిచిపోతుంది. ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్‌గా 1919లో సంగీత కళాశాల మొదలైన ఊరు మనది. అలాంటి ఊళ్లో నాదం కోసం సెల్‌ఫోన్ రికార్డింగులు పెట్టుకోవడం నాకు నచ్చలేదు. రిటైరైన వీణ టీచరమ్మ ఒకరు పనసకర్రతో చేసిన తన బొబ్బిలి వీణతో వచ్చారు. దసరా రోజులు కదా, వీధి మండపంలో మైకు మోగుతోంది. అడగ్గానే మండపం కుర్రాళ్లు గంటసేపు ఆపేశారు. వీణ మెత్తగా వినబడాలని ఫ్యాన్లు కూడా ఆపాం. చెమటలు కారుతున్నా ఒక్కరూ లేవలేదు. భార్య పోయాక ఎవరితోనూ మాట్లాడని పెద్దాయన ఒకరు చివర్లో వెక్కి వెక్కి ఏడ్చారు. ఎవరం ఆపలేదు. ఆ రాత్రే ఆయన ఒప్పుకున్నాక ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయించాం, అక్కడివాళ్లు తెలుగులోనే మాట్లాడారు. ఆ వారంలోనే మానసిక వైద్యుని దగ్గరకు తీసుకెళ్లాం. ఇప్పుడు చాపలు పరిచేది ఆయనే. ఇది ఆయన అనుమతితోనే రాస్తున్నాను.

వీణ టీచరమ్మకు, మండపం కుర్రాళ్లకు, తంబురా అరువిచ్చిన ఇంటివారికి, టీ పోసిన మహిళా సభ్యులకు, గిన్నెలు ఆటోలో తెచ్చిన తమ్ముడికి, తాళం తీయడం ఒక్క ఆదివారం కూడా మరవని వాచ్‌మన్ గారికి సంఘం తరఫున కృతజ్ఞతలు.

లెక్కలు ఆడిటరు గారు చూశారు, పట్టీ చివర జతచేశాం. విరాళాలతో ఖర్చులు సరిపోయాయి.

రెండు విషయాలు బాధతోనే చెబుతున్నాను. పెద్ద హాలు కోసం ఒక కార్యాలయానికి మూడుసార్లు అర్జీ పెట్టాం. ప్రతిసారీ వచ్చే వారం రమ్మన్నారే తప్ప జవాబు లేదు. వాలంటీర్లుగా 14 మంది పేర్లు ఇచ్చారు, చివరిదాకా నిలిచింది నలుగురు. వానాకాలంలో ఆ నలుగురే తడిసిన చాపలు ఆరబెట్టి, గిన్నెలు తుడిచి, మోకాళ్ల నొప్పులున్న వాళ్లను చేయి పట్టుకుని మెట్లు ఎక్కించారు. పేరు ఇచ్చి రాకపోతే మిగిలినవాళ్ల నడుము విరుగుతుంది. దయచేసి రాగలిగినవాళ్లే పేరు ఇవ్వండి.

తంబురా తీగలు మార్చాలి, చాపలు మరో పది కావాలి. వచ్చే ఆదివారం సాయంత్రం 6 గంటలకు కమ్యూనిటీ హాలు తెరిచే ఉంటుంది. వాలంటీర్ల పుస్తకం ఈ రోజు గుమ్మం దగ్గర టేబుల్ మీద ఉంది.

ఇట్లు,
కార్యదర్శి