ఖాళీ పాలక్యాను

అమ్మలూ,

నువ్వు ఫోన్ ఎత్తి 11 రోజులైంది. మీటింగులంటావు, సరే. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. కాలవలు కట్టేశారు, గట్టంతా దుమ్ము. నల్లదానికి దూడ పుట్టింది. రాజోలు పిన్ని వచ్చి రెండ్రోజులుంది. మాటల్లో మాటగా, పెళ్ళిలో నువ్వు రెండో అంతస్తు ఎక్కుతూ మధ్యలో రెయిలింగు పట్టుకుని నిలబడిపోయావంది. దాని సంగతి తెలుసుగా, గోరంతని కొండంత చేస్తుంది. నేనేం పట్టించుకోలేదు.

ఊరికే అడుగుతున్నా, వాకింగుకి వెళ్తున్నావా? టైం లేదంటావు. నేనూ ఏళ్ళ తరబడి అదే అన్నాను. ఇక్కడ ఆడది నడవాలంటే టైం కంటే ముందు ఓ వంక కావాలి. డాక్టరుగారు నడవమన్న ఏడాది కాలవగట్టు ఎక్కానంటే చాలు, "ఎవరింటికమ్మా?" అని ప్రతి అరుగూ అడిగేది. "ఊరికే" అంటే నవ్వేవాళ్ళు. మూడో రోజు ఖాళీ పాలక్యాను పట్టుకుని బయలుదేరా. ఇంక ఒక్కళ్ళు అడిగితే ఒట్టు! లాకుల దాకా ఖాళీ క్యానే, తిరుగు ముఖానా ఖాళీ క్యానే, మూత మాత్రం చప్పుడవకుండా బిగించేదాన్ని. నెల్లాళ్ళకి ఎదురింటి సత్యవతి పట్టేసింది, "అక్కా, ఆ పాలు ఏ గేదెవి?" అని. మర్నాటి నుంచి అదీ వచ్చింది, తర్వాత మాస్టారి కోడలు. ముగ్గురమయ్యాక క్యాను ఇంట్లోనే ఉండిపోయింది. సత్యవతి కూతురి పురిటికెళ్ళిన రెండు నెలలూ నేనూ మానేశాననుకో. గట్టు మీద లైటు పోయి కుక్కలు చేరినప్పుడూ అంతే. మీ నాన్నగారికి ఇవేవీ అడ్డు కాదు, ఆయనది ఉత్త బద్ధకం.

వారానికి కనీసం 150 నిమిషాలు, కాస్త ఒగర్చేలా నడకో మరోటో చెయ్యాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిందట. మాస్టారు లెక్కగట్టారు, రోజుకి 22 నిమిషాలు కూడా పడదు. ఒకేసారి కుదరకపోతే ముక్కలుగా చేసినా లెక్కేనట. ఇంటి పనీ లెక్కలోకే వస్తుందట గానీ, నీకు పనిమనిషి ఉందిగా. పార్కుకి రోడ్డు దాటాలని భయమైతే మీ అపార్టుమెంటు చుట్టూ తిరుగు. పక్క ఫ్లాటు అమ్మాయిని పిలువు, ఒక్కదానివే అయితే నాలుగు రోజులకి మానేస్తావు, నా కడుపున పుట్టినదానివేగా.

ఎండల్లో పొద్దున్న ఆరు దాటాక వెళ్ళకు. నీళ్ళు తాగి వెళ్ళు. ఆ చెప్పులతో వద్దు, కాలి కొలత చెప్పు, బూట్లు కొని పంపిస్తా. ఆత్రేయపురం పూతరేకులు అల్లుడుగారికని పంపిస్తున్నా, బెల్లంవే, నువ్వు రెండే తిను.

ఇంతకీ ఆ మెట్ల దగ్గర ఏమైందే? ఆయాసమా, కళ్ళు తిరిగాయా? ఫోన్ చెయ్యకపోతే మానె, ఒక్క ముక్క మెసేజీ పెట్టు.

అమ్మ