ఆసుపత్రి నడిపేది వాళ్ళే, నేల కూడా వాళ్ళ పేరునే ఉండాలి

ఎడిటర్ గారికి నమస్కారం.

అలాస్కాలో ఆసుపత్రుల కింద ఉన్న అమెరికా కేంద్ర (ఫెడరల్) ప్రభుత్వ భూమిని ఆదివాసీ ఆరోగ్య సంస్థలకు రాసిస్తామంటే, ఇక్కడి మనవాళ్ళే కొందరు "ఊరికే ఎందుకివ్వాలి" అంటుంటే మనసాగక రాస్తున్నాను.

నేను ఆంకరేజ్‌లో ఉంటాను. ఆ మధ్య పని మీద డిలింగ్‌హామ్ దగ్గర ఒక పల్లెకి వెళ్ళాను. ఆంకరేజ్ నుంచి డిలింగ్‌హామ్‌కే రోడ్డు లేదు, ఇక పల్లెల సంగతి చెప్పాలా? పంటి నొప్పయినా పురుడైనా చిన్న విమానమే గతి. ఎక్కే ముందు సామానుతో పాటు మనిషినీ కాటా మీద తూస్తారు. నా ముందు ఒక యూపిక్ తెగ ఆదివాసీ పెద్దావిడ దవడ వాచిపోయి, బుగ్గ చేత్తో అదిమిపట్టుకుని కాటా ఎక్కింది. మబ్బు పట్టి విమానం కదలకపోతే ఆ నొప్పితోనే ఇంకో రాత్రి.

ఆవిడ వెళ్ళే డిలింగ్‌హామ్ కనకనాక్ ఆసుపత్రిని 1980 నుంచి ఆ చుట్టుపక్కల ఊళ్ళ ఆదివాసీల సంస్థే నడుపుతోంది. 1919లో ఫ్లూకి తల్లిదండ్రులు పోయిన పిల్లల్ని పెంచిన చోటు అది. ఇలాంటి చోట్ల భూమి కేంద్ర ఆరోగ్యశాఖ పేరున ఉంటే, శాఖ తనంతట తాను ఇచ్చే కాగితంలో మెలిక ఉంటుంది: ఫలానా పనికే వాడాలి, లేదంటే వెనక్కి తీసుకుంటాం అని. మన డి-పట్టా (ప్రభుత్వం ఇచ్చిన భూమి) రైతుకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు, దున్నేది తనే, ఇష్టమొచ్చినట్టు అమ్ముకునే హక్కు మాత్రం లేదు. అలాంటి కాగితంతో కొత్త బిల్డింగ్‌కి అప్పు పుట్టడం కష్టం. అందుకే డిలింగ్‌హామ్, టనానా, సిట్కా ఊళ్ళలోని ఇలాంటి స్థలాలకు పూర్తి హక్కు ఇమ్మని అమెరికా కాంగ్రెస్‌లో బిల్లులు పెట్టాల్సి వచ్చింది. ప్రభుత్వం చేతిలో ఉన్నప్పుడు నేలలో ఇంకిన కాలుష్యానికి కొత్త యజమాని బాధ్యుడు కాడని వాటిలో రాశారు, అది చాలా ముఖ్యం.

ఇక "ఊరికే" అన్న మాట. అలాస్కా మొత్తం సుమారు 36 కోట్ల ఎకరాలు. అలాస్కా ఆదివాసీల భూమి హక్కులు తేల్చిన 1971 చట్టంలో వాళ్ళకు దక్కింది 4 కోట్ల 40 లక్షల ఎకరాలు, కొంత డబ్బు. మిగతా నేల మీద వాళ్ళ హక్కు ఆ చట్టంతోనే రద్దయింది. అంత నేల పోగొట్టుకున్నవాళ్ళు ఇప్పుడు అడుగుతున్నది తాము నడిపే ఆసుపత్రి, క్లినిక్ కింది కాసిని ఎకరాలు!

మీ ప్రవాస పేజీలో దీని గురించి వివరంగా ఒక కథనం వేయండి, ఇక్కడ మనవాళ్ళు చాలామంది చదువుతారు.

ఇట్లు,
ఒక పాఠకురాలు, ఆంకరేజ్