సగం వాక్యం చదివి క్లెయిమ్ కొట్టేస్తే ఎలా?

సంపాదకుడు గారికి,

రొమ్ముల బరువు తగ్గించే ఆపరేషన్‌కు ఆరోగ్య బీమా ఇవ్వకపోవడం గురించి ఈ ఉత్తరం. ఆ మాట చూడగానే పేజీ తిప్పేసేవాళ్లు ఉంటారని తెలుసు. మోకాళ్ల గురించి, గుండె గురించి, చివరికి మొలల గురించి కూడా పేపర్లో వస్తుంది. దీని గురించి రాయడానికి మాత్రం అందరికీ మొహమాటమే. బీమా కంపెనీలను నిలదీసేవాళ్లు లేకపోవడానికి అదీ ఒక కారణం కాబోలు.

నాకు 44 ఏళ్లు. ప్రైవేటు హైస్కూల్లో లెక్కలు చెబుతాను. పదో తరగతిలో మొదలైన ఇబ్బంది, ఇద్దరు పిల్లలు పుట్టాక భరించలేనిదైంది. బోర్డు మీద చెయ్యెత్తి ఒక లెక్క పూర్తిచేసే లోపే మెడ పట్టేసేది. లోదుస్తుల పట్టీలు దిగిన చోట భుజాల మీద వేలు పట్టేంత గాడి పడింది. రాత్రి విప్పేసి పడుకున్నా తెల్లారేసరికి అలాగే ఉండేది. చిటికెన వేలు తిమ్మిరెక్కి సుద్దముక్క జారిపోయేది. ఎండాకాలం సంగతి చెప్పక్కర్లేదు. చెమటకు రొమ్ము కింద చర్మం ఒరుసుకుపోయి పుండు పడేది. పౌడర్ వేస్తే మంట, వేయకపోతే వాసన. స్టాఫ్‌రూమ్‌లో ఫ్యాను కింద కుర్చీ దొరకాలని బెల్లు కొట్టకముందే క్లాసులోంచి బయటపడిన రోజులున్నాయి.

“ఒళ్లు తగ్గించు, అదే పోతుంది” అన్నారు అందరూ. ఎనిమిది కిలోలు తగ్గాను. ముఖం పీక్కుపోయింది, చేతులు సన్నబడ్డాయి, అసలు బరువు మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. ఎముకల డాక్టరు, ఫిజియోథెరపీ, చర్మం డాక్టరు రాసిన ఆయింట్‌మెంట్లు అన్నీ అయ్యాక, చివరికి ప్లాస్టిక్ సర్జన్ చూసి ఇది అందం కోసం చేసే ఆపరేషన్ కాదని, మెడ, వెన్ను నొప్పికి ఇదే వైద్యమని లెటర్‌హెడ్ మీద రాసిచ్చారు.

ఆ కాగితం పట్టుకుని ఆసుపత్రి ఇన్సూరెన్స్ డెస్క్ దగ్గర నిలబడ్డాను. వెనకాల పదిమంది లైన్లో ఉన్నారు. డెస్క్ వెనకున్న అబ్బాయి గట్టిగా, “మేడమ్, బ్రెస్ట్ రిడక్షన్ కదా, కాస్మెటిక్ కింద పోతుంది” అన్నాడు. తర్వాత కంపెనీ నుంచి ప్రశ్నలు మొదలయ్యాయి. ఈ సమస్య ఎప్పటి నుంచి? పదో తరగతి నుంచి అంటే, పాలసీ తీసుకునేటప్పుడు చెప్పలేదేం? ఎనిమిదేళ్లుగా ఒక్క ఏడాదీ ఆపకుండా ప్రీమియం కడుతున్నాను. వరుసగా 60 నెలలు నిండాక మోసం రుజువైతే తప్ప ఈ ప్రశ్నకు విలువ లేదని నియమం ఉంది. అది గుర్తుచేస్తే ఆ ప్రశ్న వదిలేసి, ఇది ఊబకాయానికి చేసే చికిత్స కాదని రుజువు చూపమన్నారు. అదీ చూపించాక ఫోటోలు అడిగారు.

ఈ ఫోటోల దగ్గర కాస్త ఆగాలి. డెస్క్ అబ్బాయి తన ఫోన్‌లోనే తీసి వాట్సాప్‌లో పంపేస్తానన్నాడు. నాకు కాళ్లు చల్లబడ్డాయి. గొడవపెట్టుకుంటే ఒక నర్సమ్మ ముఖం పడకుండా ఆసుపత్రి కెమెరాతో తీసింది. అవి వెళ్లింది కంపెనీ వాళ్లందరూ తెరిచే మెయిల్‌కు. ఆ తర్వాత ఎవరు చూశారో, ఎక్కడ దాచారో నాకు ఈరోజుకీ తెలియదు. వైద్య నిర్ణయానికి ఫోటో అవసరమే కావచ్చు. డాక్టరు నుంచి డాక్టరుకే చేరాలన్న కనీస పద్ధతి ఉండొద్దా?

చివరికి క్యాష్‌లెస్, అంటే ఆసుపత్రికి కంపెనీయే నేరుగా కట్టడం, కుదరదని వచ్చింది. కింద చిన్న అక్షరాల్లో “దీన్ని క్లెయిమ్ తిరస్కరణగా భావించరాదు” అని ఓదార్పు. మా ఆయన నా గాజులు, గొలుసు బ్యాంకులో పెట్టి 2 లక్షల 40 వేలు తెచ్చారు. ఆపరేషన్ అయింది. రెండు వైపులా కలిపి కిలో మూడు వందల గ్రాములు తీశారు. బిల్లులన్నీ పెట్టి రీయింబర్స్‌మెంట్ అడిగితే ఒక్క లైను జవాబు: కాస్మెటిక్ చికిత్స, మినహాయింపు కోడ్ 08.

లెక్కల టీచర్ని కదా, ఆ కోడ్ 08 ఏమిటో తీసి చదివాను. బీమా కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ 2019లో అన్ని ఆరోగ్య పాలసీలకూ ఒకే రకంగా రాసిచ్చిన మినహాయింపు అది. రూపం మార్చే ప్లాస్టిక్ సర్జరీకి డబ్బులివ్వం అని మొదలవుతుంది. అయితే ఇంగ్లీషులో ఆ వాక్యం సగానికి వచ్చాక ఒక ‘తప్ప’ ఉంది. ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తర్వాత చేసే సర్జరీ తప్ప. రోగికి ఉన్న ప్రత్యక్ష, తక్షణ ఆరోగ్య ముప్పును తీసేసే అవసరమైన వైద్యంలో భాగమైతే తప్ప. ఆ అవసరాన్ని ధ్రువీకరించాల్సింది వైద్యం చేస్తున్న డాక్టరే అని కూడా అందులోనే ఉంది. నా డాక్టరు ధ్రువీకరించారు. కంపెనీ మాత్రం వాక్యం మొదటి సగం చదివి ఫైలు మూసేసింది.

రెండో సగం చదివినా ‘తక్షణ’ అన్న మాట దగ్గర ఇరికిస్తారనుకోండి. ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా మెడను అరగదీస్తున్న బరువు తక్షణ ముప్పు ఎలా అవుతుందని అడుగుతారు. సరే, మోకాలు అరిగితే ఎవరైనా రేపే పోతారా? కంట్లో శుక్లాలకు ప్రాణం మీదికి వస్తుందా? చాలా పాలసీల్లో రెండేళ్లు ఆగితే ఆ రెంటికీ డబ్బులిస్తున్నారు, ఇవ్వాలి కూడా. మా అత్తగారి మోకాలి ఆపరేషన్‌కు ఇదే కంపెనీ మారుమాట్లాడకుండా కట్టింది. ఆమె మెట్లెక్కలేకపోవడం వైద్య సమస్య, నేను చెయ్యెత్తలేకపోవడం సోకు. ఈ తేడా ఏ వైద్య పుస్తకంలో ఉందో చెబితే నేనూ చదువుకుంటాను.

అమెరికాలో ఉన్న మా చెల్లెలు అక్కడ మాత్రం ఇది నల్లేరు మీద నడకనుకున్నావా అంది. అక్కడా ఫోటోలు, నెలల తరబడి ఫిజియోథెరపీ రికార్డు అడుగుతారట. చాలా కంపెనీలు ష్నూర్ అనే సర్జన్ పేరుతో 1991 నుంచి ఉన్న పట్టికను ముందు పెట్టుకుంటాయి. మనిషి ఎత్తు, బరువు బట్టి శరీర వైశాల్యం కట్టి, ఒక్కో వైపు కనీసం ఇన్ని గ్రాములు తీస్తేనే వైద్య అవసరం అంటుంది అది. తీసిన గ్రాములకూ తగ్గిన నొప్పికీ నేరుగా లంకె లేదని దానిమీద విమర్శలూ ఉన్నాయి. ఆ పట్టికను ఇక్కడికి దింపుకోమని నేననను. కానీ ఆ గీత కాగితం మీద కనిపిస్తుంది, కాబట్టి కాదంటే పోట్లాడొచ్చు. మనకు గీతే లేదు. ఫైలు ఎవరి బల్ల మీద పడితే వాళ్ల మనసే గీత.

ఐఆర్‌డీఏఐని అడిగేది పెద్దదేం కాదు. కోడ్ 08లోని రెండో సగానికి అర్థం రాయండి. ఎంతకాలం నొప్పి, ఏయే చికిత్సలు చేయించుకుని ఉండాలి, ఏ పరీక్షలు చూపాలి అన్నది ప్లాస్టిక్ సర్జన్లు, ఎముకల డాక్టర్లు కూర్చుని రెండు పేజీల్లో తేల్చగలరు. మీరే ఇచ్చిన 2024 మే మాస్టర్ సర్క్యులర్ ప్రకారం కంపెనీలోని రివ్యూ కమిటీ ఆమోదం లేకుండా ఏ క్లెయిమూ తిరస్కరించకూడదు, పాలసీలోని ఏ షరతు ప్రకారం కాదన్నారో రోగికి చెప్పాలి. నా విషయంలో ఆ కమిటీలో ఒక్క సర్జన్ అయినా ఉన్నారో లేదో తెలుసుకునే హక్కు నాకుండాలి.

నాలాంటి అక్కచెల్లెళ్లకు ఒక్క మాట. డాక్టరు సర్టిఫికెట్‌లో ‘వైద్యపరంగా అవసరం’ అని అడిగి రాయించుకోండి. పాత చీటీలు, చర్మం డాక్టరువి కూడా పారేయకండి. కాదంటే ముందు కంపెనీకే ఫిర్యాదు పెట్టండి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఏడాదిలోపు బీమా ఫిర్యాదులు విచారించి తేల్చే బీమా అంబుడ్స్‌మన్‌ దగ్గరకు వెళ్లొచ్చు. మన రెండు రాష్ట్రాలకూ ఆ ఆఫీసు హైదరాబాద్ లక్డీకాపూల్ దగ్గరుంది. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు.

నేను వెళ్లాను. విచారణ తేదీ ఇంకా వేయలేదు. ఈలోగా చెయ్యెత్తి బోర్డు పైవరస నుంచి రాస్తున్నాను, పిల్లలు అక్షరాలు పెద్దవయ్యాయి టీచర్ అంటున్నారు. పాలసీ రెన్యువల్‌కు మాత్రం వచ్చే నెల 12 ఆఖరు తేదీ అని కంపెనీ నుంచి రోజూ పొద్దున్నే మెసేజ్ వస్తోంది.

— ఒక ఉపాధ్యాయురాలు,
హనుమకొండ