జన్యు పరీక్షలు కాదు, ఆవిరిని తగ్గించే ఏర్పాట్లు కావాలి

యాజమాన్యం వారికి,

నమస్కారం. సాల్వెంట్లతో (రంగును పలుచన చేసే, జిడ్డును కరిగించే ద్రావకాలతో) పనిచేసేవారికి జన్యు పరీక్షలు చేయించి, "తట్టుకోగలిగినవారిని" మాత్రమే పెయింటింగ్, డిగ్రీజింగ్ (జిడ్డు తొలగించే) విభాగాల్లో ఉంచుతామన్న మీ నోటీసుపై ఆ విభాగాల కార్మికుల తరఫున ఈ ఫిర్యాదు రాస్తున్నాను. ఆ సాల్వెంట్ల ఆవిరిని తగ్గించమని మేము అడిగితే, మీరు మమ్మల్ని ఏరివేయడానికి సిద్ధపడ్డారు.

థిన్నర్లలో కలిసి ఉండే బెంజీన్ కాలేయంలో సివైపి2ఇ1 అనే ఎంజైము వల్ల మార్పు చెందుతుంది; అలా ఏర్పడిన పదార్థాలు ఎముక మజ్జకు చేరి, బెంజోక్వినోన్‌గా మారి, రక్తకణాలను పుట్టించే మూలకణాల క్రోమోజోములను దెబ్బతీస్తాయి. లుకేమియాకు (రక్త క్యాన్సర్‌కు) దారితీసేది ఈ నష్టమే. ఇలాంటి క్వినోన్లను నిర్వీర్యం చేసే ఎన్‌క్యూఓ1 ఎంజైము కొందరిలో పుట్టుకతోనే తక్కువగా ఉంటుంది కనుక వారికి ముప్పు ఎక్కువన్న మాట నిజమే. అయితే ఆ ఎంజైము సరిగా ఉన్నవారికి ముప్పు లేదని ఏ జన్యు పరీక్షా హామీ ఇవ్వదు. పైగా డిగ్రీజింగ్ ట్యాంకులోని ట్రైక్లోరోఇథిలీన్ కూడా, బెంజీన్ లాగే, మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చింది. అది ముఖ్యంగా మూత్రపిండాలకు చేటు.

వాసన రావడం లేదు కాబట్టి ప్రమాదం లేదని సూపర్‌వైజర్లు చెబుతున్నారు. బెంజీన్‌కు అమెరికా కార్మిక భద్రతా నిబంధన పెట్టిన పరిమితి ఎనిమిది గంటల సగటున 1 పీపీఎం, అంటే గాలిలో పది లక్షల భాగాలకు ఒక భాగం. ముక్కుకు వాసన తెలియకముందే గాలిలో అంతకు మించి ఉండవచ్చు. అందుకే కార్మికుని కాలరు దగ్గర పరికరం పెట్టి గాలిని కొలవాలి, షిఫ్టు చివర ఒంట్లోకి చేరిన బెంజీన్‌ను పట్టిచ్చే ఎస్-ఫినైల్‌మెర్కాప్చురిక్ ఆమ్లాన్ని మూత్రంలో పరీక్షించాలి, ఫలితాలను ఎవరివి వారికి ఇవ్వాలి.

అన్నిటికన్నా ముందు బెంజీన్ లేని థిన్నర్లనే కొనండి, ట్రైక్లోరోఇథిలీన్ బదులు నీటి ఆధారిత క్లీనర్లు వాడండి. మారేవరకు ట్యాంకులకు మూతలు పెట్టి, ఆవిరి మా ముఖాల దాకా రాకముందే అంచుల దగ్గరే లాగేసే ఎగ్జాస్ట్ అమర్చండి, ఎందుకంటే ఇప్పుడున్న ఫ్యాన్లు దానిని షెడ్డంతా పరుస్తున్నాయి. దుమ్ము మాస్కు ఆవిరిని ఆపదు. సాల్వెంట్ల వంటి సేంద్రియ ఆవిరులకు తగిన కార్ట్రిడ్జ్ (ఆవిరిని పీల్చుకునే వడపోత డబ్బా) ఉన్న మాస్కు కావాలి, ఆ కార్ట్రిడ్జ్‌ను గడువు ప్రకారం మార్చాలి. పలుచని నైట్రైల్ గ్లవ్స్‌లోంచి టోలుయీన్ అనే ద్రావకం నిమిషాల్లో లోపలికి దిగుతుంది గనుక, వాడే ద్రావకానికి సరిపడే గ్లవ్స్ ఇవ్వాలి. థిన్నర్‌తో చేతులు కడుక్కునే అలవాటు మాన్పించడానికి సబ్బు, నీళ్లు దగ్గరలోనే ఉంచాలి.

ఎవరైనా ఇష్టపడి జన్యు పరీక్ష చేయించుకుంటే ఆ ఫలితం వారికీ వారి వైద్యునికీ మాత్రమే తెలియాలి. దానిని చూపి ఎవరి ఉద్యోగాన్నీ, జీతాన్నీ ముట్టకూడదు. ఆ నోటీసును వెనక్కి తీసుకుని, ఎగ్జాస్ట్ పని మొదలయ్యే తేదీని, గాలి కొలతల వివరాలను మాకు రాతపూర్వకంగా తెలియజేయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
పెయింటింగ్, డిగ్రీజింగ్ విభాగాల కార్మికుల తరఫున